కాంపాక్టా, మిర్రర్‌లెస్సా: కొనే ముందు ఇంట్లోనూ దుకాణంలోనూ చేసుకోవాల్సిన పోలిక

ఫోను ఫోటోలతో తృప్తి తీరక కెమెరా దుకాణానికి వెళ్లిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఇది: చిన్న కాంపాక్ట్ తీసుకోవాలా, లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ తీసుకోవాలా? అక్కడ సాధారణంగా వచ్చే జవాబు, "మిర్రర్‌లెస్ తీసుకోండి, సెన్సర్ పెద్దది." సెన్సర్ అంటే కెమెరా లోపల వెలుతురును పట్టి ఫోటోగా మార్చే చిన్న పలక. ఆ జవాబు అబద్ధం కాదు. కానీ సగం మాట. మిగతా సగం లెన్స్‌లో ఉంది.

ఆ సగం తెలియకుండానే నేను మా అక్క కూతురి పెళ్లికి కొత్త మిర్రర్‌లెస్‌తో వెళ్లాను. పెట్టెలో వచ్చిన లెన్స్ ఒక్కటే నా దగ్గర ఉంది. ముహూర్తం రాత్రి రెండు గంటలు దాటాక. జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల వరకు వదలకుండా తీశాను. ఇంటికి వచ్చి చూస్తే ముఖాల నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, బియ్యపు గింజలన్నీ గీతలు. అదే మండపంలో, నా పక్కనే నిలబడి మా పిన్ని కొడుకు కాంపాక్ట్‌తో తీసిన ఫోటోలు నా వాటికంటే శుభ్రంగా ఉన్నాయి. లోపం కెమెరాది కాదు, నేను పోల్చిన తీరుది. ఎందుకలా జరిగిందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. ఆ లెక్క మీరు కొనకముందే వేసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు రెండు కెమెరాలు తీసుకుంటాను. కాంపాక్ట్‌లలో 2019లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ జి7 ఎక్స్ మార్క్ 3. మిర్రర్‌లెస్‌లలో 2023లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్50, దాని పెట్టెలో ఇచ్చే 18-45 మి.మీ. కిట్ లెన్స్. మీరు సోనీ, నికాన్, ఫ్యూజీ కెమెరాలు చూస్తున్నా పద్ధతి మారదు, అంకెలు మార్చుకుంటే చాలు.

ఒక్క మాట ముందుగానే. "మిర్రర్‌లెస్" అన్న పేరు చూసి ఏదో కొత్త శక్తి ఉందనుకోవద్దు. పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక ఒక అద్దం ఉండేది. అది తీసేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది. 2008లో పానసోనిక్ లూమిక్స్ జి1తో ఈ తరహా కెమెరాలు ఊపందుకున్నాయి. కాంపాక్ట్‌లో మొదటి నుంచీ అద్దం లేదు. కాబట్టి ఈ రెండింటి మధ్య అసలు తేడాలు రెండే: సెన్సర్ పరిమాణం, లెన్స్ ఊడదీయగలగడం.

మొదటి అడుగు: మీ ఫోనులోని పాత ఫోటోలను చదవండి

దుకాణానికి వెళ్లే ముందు ఒక గంట ఇంట్లో కూర్చోండి. గత ఏడాది మీరు తీసిన వాటిలో మీకు బాగా నచ్చిన యాభై ఫోటోలు, తీయాలనుకుని తీయలేకపోయిన సందర్భాలు ఒక పది ఏరండి. ఒక్కొక్కదానికి నాలుగు సంగతులు రాసుకోండి: వెలుతురు ఎంత ఉంది, మనిషి లేదా వస్తువు ఎంత దూరంలో ఉంది, కదులుతోందా, ఆ ఫోటోను చివరికి ఎక్కడ చూశారు.

గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిస్తే ఐఎస్ఓ (తక్కువ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిందో చెప్పే అంకె), షట్టర్ వేగం (వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో) కనిపిస్తాయి. ఐఎస్ఓ ఎక్కువగా వందా రెండు వందల దగ్గర ఉంటే మీరు పగటి వెలుతురులో తీసేవారు. వెయ్యి దాటినవి చాలా ఉంటే మీ అవసరం చీకట్లో ఉంది. ఈ రెండు రకాల వారికి ఒకే సలహా చెప్పలేం. నాలుగో ప్రశ్నను చాలామంది దాటేస్తారు, కానీ అది చాలా డబ్బు మిగులుస్తుంది. ఫోటోలన్నీ ఫోను తెర మీదే చూసి, వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే రెండు కెమెరాల మధ్య తేడాలో చాలా భాగం మీ కంటికి చేరదు. పెళ్లి ఆల్బమ్ వేయించేవారికి, గోడకు పటం కట్టించేవారికి చేరుతుంది.

రెండో అడుగు: సెన్సర్‌ను అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో కొలవండి

"ఒక అంగుళం సెన్సర్" అని పెట్టె మీద ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే దాని ఏ వైపూ అంగుళం ఉండదు. దాని అసలు కొలత 13.2 × 8.8 మి.మీ. ఆ పేరు పాతకాలపు వీడియో కెమెరా గొట్టాల కొలతల నుంచి మిగిలిపోయింది. జి7 ఎక్స్‌లో ఉన్నది ఈ సెన్సరే. ఆర్50లో ఉన్నది 22.3 × 14.9 మి.మీ. ఏపీఎస్-సి సెన్సర్. వైశాల్యం లెక్కేస్తే మొదటిది సుమారు 116 చదరపు మి.మీ., రెండోది సుమారు 332. అంటే దాదాపు మూడు రెట్లు.

ఇంకా చవకైన కాంపాక్ట్‌లలో 1/2.3 అంగుళాల సెన్సర్ ఉంటుంది. దాని వైశాల్యం 28 చదరపు మి.మీ. మాత్రమే. మంచి ఫోను చేతిలో ఉన్నవారు, చాలా దూరపు జూమ్ తప్పనిసరైతే తప్ప, వీటి జోలికి వెళ్లవద్దని నా గట్టి సలహా.

మెగాపిక్సెళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఒకదానికి 20.1, ఇంకోదానికి 24.2. అచ్చు వేస్తే మొదటిది 18 అంగుళాల వెడల్పుకు, రెండోది 20 అంగుళాల వెడల్పుకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున సరిపోతుంది. ఇది కొనుగోలును నిర్ణయించేంత తేడా కాదు.

మూడో అడుగు: లెన్స్ కిటికీ ఎంతో లెక్కపెట్టండి

నా పెళ్లి ఫోటోలను పాడుచేసినది ఇక్కడ ఉంది. కాస్త ఓపికగా చదవండి.

గదిలోకి వెలుతురు కిటికీ గుండా వస్తుంది. గది ఎంత పెద్దదైనా కిటికీ చిన్నదైతే లోపలికి వచ్చేది తక్కువే. లెన్స్‌కు ఆ కిటికీ అపర్చర్ రంధ్రం. దాని వ్యాసం కనుక్కోవడం చాలా తేలిక: లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (మి.మీ.లో చెప్పే అంకె) ఎఫ్ సంఖ్యతో (ఎఫ్/ తర్వాత వచ్చే అంకె) భాగించాలి, అంతే. ఒకే దృశ్యాన్ని, ఒకే కోణంలో, ఒకే షట్టర్ వేగంతో తీసినప్పుడు ఏ లెన్స్ కిటికీ పెద్దదో ఆ కెమెరా ఎక్కువ వెలుతురును పోగుచేస్తుంది. చీకట్లో ఫోటో శుభ్రంగా రావడం ముఖ్యంగా దీని మీదే ఆధారపడుతుంది.

ఆర్50 కిట్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే 45 మి.మీ., ఎఫ్/6.3. భాగిస్తే 7.1 మి.మీ. కిటికీ. ఈ కోణం ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో (వేర్వేరు సెన్సర్ల కెమెరాలను పోల్చేందుకు అందరూ వాడే ఉమ్మడి కొలత) 72 మి.మీ.కు సమానం, అంటే నడుము నుంచి పైకి ఒక మనిషిని తీసే కోణం. అదే కోణానికి జి7 ఎక్స్‌ను జూమ్ చేస్తే దాని అసలు ఫోకల్ లెంగ్త్ సుమారు 26.4 మి.మీ., అపర్చర్ ఎఫ్/2.8. భాగిస్తే 9.4 మి.మీ. రెండు కిటికీల వైశాల్యాన్ని పోల్చితే కాంపాక్ట్ సుమారు 1.7 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతోంది. సెన్సర్ మూడో వంతే, అయినా వెలుతురు ఎక్కువ! పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభాన్ని చిన్న కిటికీ తినేసింది. మా తమ్ముడి ఫోటోలు నా వాటికంటే బాగుండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే ఆర్50కి ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలించండి. 50ని 1.8తో భాగిస్తే 27.8 మి.మీ. ఈ లెన్స్ చూపే కోణానికి జూమ్ చేస్తే కాంపాక్ట్ కిటికీ 10.5 మి.మీ. ఈసారి మిర్రర్‌లెస్ పట్టే వెలుతురు ఏడు రెట్లు ఎక్కువ. కెమెరా అదే, మారింది 160 గ్రాముల లెన్స్ ఒక్కటే.

జూమ్ వదులుకోలేనివారికి మధ్యే మార్గం ఉంది. సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ 2024 నుంచి కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌లోనూ (ఆర్50కి తగిలే అమరికలో) దొరుకుతోంది. 45 మి.మీ. దగ్గర దాని కిటికీ 16 మి.మీ. అంటే కిట్ లెన్స్ కంటే ఐదు రెట్లు, కాంపాక్ట్ కంటే సుమారు మూడు రెట్లు వెలుతురు.

ఈ కిటికీ కొలత ఇంకొక విషయం కూడా చెబుతుంది. ముఖం స్పష్టంగా, వెనక మండపం మసకగా కరిగినట్టు రావాలని చాలామంది కోరుకుంటారు. అదీ కిటికీ వ్యాసం మీదే ఆధారపడుతుంది. 7 మి.మీ. కిటికీతో ఆ మసక రాదు. 13 మి.మీ.తో, అంటే జి7 ఎక్స్‌ను చివరి వరకు జూమ్ చేస్తే, కొంత వస్తుంది. 28 మి.మీ.తో ధారాళంగా వస్తుంది.

కాబట్టి పోలిక పట్టికలో కెమెరా పేరు ఒక్కటే రాయకండి. దాని పక్కన, రోజూ దానికి తగిలి ఉండబోయే లెన్స్ పేరు, ఆ లెన్స్ కిటికీ రాయండి.

నాలుగో అడుగు: రెండేళ్ల ఖర్చు రాయండి

కాంపాక్ట్‌కు ఖర్చు కొన్న రోజుతో దాదాపు ముగుస్తుంది: కెమెరా, కార్డు, ఒక అదనపు బ్యాటరీ, సంచి. అదనపు బ్యాటరీ కోరిక కాదు, అవసరం. జి7 ఎక్స్ ఒక చార్జింగ్‌కు తీసేది ప్రమాణ పరీక్ష ప్రకారం 235 ఫోటోల దగ్గరే ఆగుతుంది.

మిర్రర్‌లెస్‌కు కిట్ ధర ఒక ప్రవేశ రుసుము మాత్రమే. పైన లెక్కలో చూసినట్టు రెండో లెన్స్ కొనకపోతే దాని బలం బయటికి రాదు. అందుకే నా నియమం ఇది: బాడీకి (లెన్స్ లేని కెమెరాకు), కిట్‌కు సరిపడా డబ్బు మాత్రమే చేతిలో ఉండి, ఏడాదిలోపు ఇంకో లెన్స్ కొనే ఉద్దేశం లేకపోతే మంచి కాంపాక్ట్ కొనండి. ఎవరు ఏమన్నా సరే. రెండో లెన్స్ కొనగలిగితే, లేదా కిట్ లేకుండా బాడీ తీసుకుని నేరుగా మంచి లెన్స్ తగిలించగలిగితే మిర్రర్‌లెస్ వైపు వెళ్లండి.

బరువునూ ఇదే కాగితం మీద కలపండి. జి7 ఎక్స్ బ్యాటరీ, కార్డుతో 304 గ్రాములు. ఆర్50 అలాగే 375 గ్రాములు, కిట్ లెన్స్ 130, 50 మి.మీ. లెన్స్ మరో 160. మొత్తం 665 గ్రాములు, పైగా ఒక సంచి. చంటిబిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లిదండ్రులకు ఈ తేడా అంకెల్లో కంటే భుజం మీద ఎక్కువగా తెలుస్తుంది.

ఐదో అడుగు: దుకాణంలో పరీక్షించండి

సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. రద్దీ లేని పగటి పూట వెళ్లి, ప్రదర్శనకు పెట్టిన కెమెరాలో మీ కార్డు వేసి పది నిమిషాలు ఫోటోలు తీసుకుంటామని మర్యాదగా అడిగితే చాలా దుకాణాల్లో ఒప్పుకుంటారు.

షోకేసు దీపాల కింద తీయవద్దు. అక్కడ ప్రతి కెమెరా బాగానే తీస్తుంది. దుకాణంలో అన్నిటికంటే మసకగా ఉన్న మూల వెతికి, మీతో వచ్చినవారిని అక్కడ కూర్చోబెట్టండి. కెమెరాను షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగం మనం ఎంచుకుంటే అపర్చర్‌ను కెమెరా ఎంచుకునే పద్ధతి) పెట్టి, వేగం 1/100 సెకను, ఐఎస్ఓ ఆటో చేయండి. 1/100 ఎందుకంటే మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. వేరే వేగాల్లో ఫోటో మీద చారలు రావచ్చు, అప్పుడు పోలికే చెడిపోతుంది.

కిట్ లెన్స్‌ను 45కు, కాంపాక్ట్‌ను తెర మీద అంతే దృశ్యం కనిపించేదాకా జూమ్ చేసి ఒక్కో దానితో ఐదేసి ఫోటోలు తీయండి. ఐఎస్ఓ ఎంత ఎంచుకున్నాయో చూడండి. కాంపాక్ట్ 800 దగ్గర ఉంటే కిట్ లెన్స్ ఉన్న మిర్రర్‌లెస్ సుమారు 4000కు ఎక్కి ఉంటుంది. సెన్సర్లు వేరు కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చి తీర్పు ఇవ్వకండి, ఫోటోనే చూడండి. తర్వాత దుకాణంలో 50 మి.మీ. ఎఫ్/1.8 ఉంటే తగిలించమని అడిగి, రెండు అడుగులు వెనక్కి జరిగి అదే ఫోటో తీయండి. ఈ మూడో ఫోటో చూశాక మీ నిర్ణయం సగం అయిపోతుంది.

ఇప్పుడు మీతో వచ్చినవారిని మీ వైపు వేగంగా నడిచి రమ్మనండి. వరుసగా ఫోటోలు తీస్తూ పోండి. ఎన్నింటిలో కళ్లు స్పష్టంగా ఉన్నాయో లెక్కపెట్టండి. ఇక్కడ ఆర్50 స్పష్టంగా ముందుంటుంది, ఎందుకంటే దాని సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ (ఎటు, ఎంత జరగాలో వెతక్కుండానే తెలుసుకునే పద్ధతి) ఉంది, మనిషి కన్నును పట్టుకుని వదలదు. జి7 ఎక్స్ కాంట్రాస్ట్ పద్ధతిలో ఫోకస్‌ను ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. కాంపాక్ట్‌లన్నీ ఇంతే అనుకోవద్దు. అదే 2019లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7లో ఫేజ్ డిటెక్షన్ ఉంది, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24-200 మి.మీ. జూమ్ కూడా ఉంది. కానీ దాని అపర్చర్ ఎఫ్/2.8 నుంచి 4.5 వరకు, కాబట్టి చీకట్లో జి7 ఎక్స్ కంటే వెనకబడుతుంది. పరిగెత్తే పిల్లల్ని తీసేవారు ఈ నడక పరీక్షను తప్పక చేయాలి.

చివరిగా రెండు కెమెరాలనూ గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలోకి తిప్పండి. మన ఎండల్లో తెర వెలవెలబోతుంది. ఆర్50లో కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉంది. జి7 ఎక్స్‌లో లేదు.

ఇంటికి వచ్చాక ఫోటోలను కంప్యూటర్‌లో ఒకే పరిమాణంలో పక్కపక్కన పెట్టి చూడండి. నూరు శాతానికి పెద్దవి చేసి చూస్తే పిక్సెళ్లు ఎక్కువున్న కెమెరాకు అన్యాయం జరుగుతుంది. వీలైతే రెండు ఫోటోలను 8 × 12 సైజులో అచ్చు వేయించి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపించండి.

ఆరో అడుగు: మీ జాబితాను ఈ సందర్భాలతో సరిచూడండి

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లారనుకోండి. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ గుడి మండపంలో వెలుతురు మసక. పురావస్తు శాఖ పరిధిలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. కానీ రాయి కదలదు! కిట్ లెన్స్‌లోని స్థిరీకరణను నమ్ముకుని, ఊపిరి బిగబట్టి షట్టర్‌ను 1/8 సెకనుకు దించినా స్తంభాల మీది నగిషీ చెక్కుచెదరకుండా వస్తుంది. నేను తప్పుపట్టిన ఆ కిట్ లెన్సే ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. స్థిరీకరణ చేతి వణుకును ఆపగలదు, ఎదుటివారి కదలికను ఆపలేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే గుడికి ఏ లెన్స్, పెళ్లికి ఏ లెన్స్ అన్న అయోమయం పోతుంది.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టుకునే గూడబాతుల కోసమైతే రెండూ చాలవు. ఆర్50కి 55-210 మి.మీ. లెన్స్ కొంటే మొదలుపెట్టవచ్చు, 100-400 మి.మీ. కొంటే తృప్తి తీరుతుంది. పక్షులే మీ ఇష్టమైతే లెన్స్ మార్చుకునే కెమెరా తప్ప వేరే ఆలోచన వద్దు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవారికి, యాత్రలకు, రోజువారీ వీడియోలకు నేను కాంపాక్టే చెబుతాను. జేబులో పడుతుంది, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 మి.మీ. వెడల్పు కోణంతో చిన్న గదిలోనూ అందరూ పడతారు. ఆర్50 కిట్ అదే లెక్కలో సుమారు 29 మి.మీ. దగ్గర మొదలవుతుంది, గోడకు ఆనుకున్నా చివర ఒకరు మిగిలిపోతారు. చిన్న వస్తువులను 5 సెం.మీ. దగ్గర నుంచి తీయగలగడం కాంపాక్ట్‌కు ఉన్న ఇంకో సుఖం.

ఏడో అడుగు: కొన్న రోజు, తర్వాతి రోజులు

బిల్లు మీద సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనో కాదో దుకాణంలోనే సరిచూడండి. భారతదేశపు వారంటీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే వద్దనండి.

కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉండేవారికి తేమ పెద్ద శత్రువు. లెన్స్ లోపల బూజు పడితే పూర్తిగా వదిలించడం కష్టం. తోలు సంచిలో బీరువాలో పెట్టి మరచిపోవద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచి, జెల్ రంగు మారినప్పుడు మార్చండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు సంచి తెరవకుండా అరగంట ఆగితే లెన్స్ మీద నీటి ఆవిరి పేరుకోదు.

దుమ్ము విషయంలో రెండింటికీ రెండు రకాల భయాలు. కాంపాక్ట్ లెన్స్ బయటికి సాగి లోపలికి ముడుచుకునేటప్పుడు ధూళిని లోపలికి లాగుతుంది. అది సెన్సర్ మీద పడితే సర్వీసు సెంటరుకు ఇవ్వాల్సిందే. అందుకే బీచ్ ఇసుకలో దాన్ని ఊరికే ఆన్ చేసి ఆపవద్దు. మిర్రర్‌లెస్‌లో లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ బయటపడుతుంది. గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచి మార్చండి. రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి, నోటితో ఊదవద్దు.

50 మి.మీ. లెన్స్‌తో ఏదైనా పెళ్లికి వెళ్తుంటే ఈ నాలుగు అంకెలు చేతి మీద రాసుకుని వెళ్లండి: ఎఫ్/1.8, షట్టర్ 1/125, ఆటో ఐఎస్ఓ గరిష్ఠం 6400, ఫోకస్ కంటి మీద. ఆ లెన్స్‌లో స్థిరీకరణ లేదు కాబట్టి షట్టర్‌ను 1/100 కంటే దించవద్దు. దీపాల వల్ల చారలు కనిపిస్తే మాత్రం సరిగ్గా 1/100కు తెచ్చుకోండి. తలంబ్రాలు మొదలవగానే 1/400కు పెంచండి. గింజలు గాలిలో గింజలుగానే నిలుస్తాయి.